శ్రీ రాసిన కార్డు

నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని మా నాన్న కనపడిన వాళ్లందరికీ చెప్పుకునేవాడు. ఆ మాట తిరిగి తిరిగి యూనివర్సిటీలో ఒక ప్రొఫెసర్ గారి చెవిన పడింది. అట్లా నాకు ఉద్యోగం వచ్చింది. రాసే ఉద్యోగమే గాని, సొంతంగా ఒక్క అక్షరం రాయకూడదు. ఉన్నదాన్ని మక్కీకి మక్కీ దించాలి. పీయూసీ అయ్యాక ఇంట్లో కూర్చుని అమ్మ చేత తిట్లు తినడం కంటే ఇదే నయమనిపించి ఒప్పుకున్నాను.

అవి అరవైల చివరి రోజులు. నాన్న ఉద్యోగం కోసం అనంతపురం వైపు నుంచి వచ్చి తార్నాకలో రెండు గదుల పోర్షన్‌లో ఉండేవాళ్లం. నాన్న యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా. పొద్దున ఇద్దరం క్యారియర్లు పట్టుకుని నడుచుకుంటూ క్యాంపస్ దాకా పోయి, ఆయన తన ఆఫీసుకు, నేను మా డిపార్ట్‌మెంటుకు విడిపోయేవాళ్లం. దారి పొడుగునా ఆయన చెప్పే సలహా ఒక్కటే: తెలియనిది అడుగు, తెలిసినట్టు నటించకు.

పని ఏమిటంటే, అంతకు కొన్నేళ్ల ముందు డిపార్ట్‌మెంటు విద్యార్థులు ఊళ్లు తిరిగి మాటలు సేకరించారు. రైతులు, కుమ్మరులు, నేతవాళ్లు, వాళ్ల ఇళ్లల్లో ఆడవాళ్లు, ఎవరు దొరికితే వాళ్ల దగ్గర కూర్చుని దీన్ని మీరేమంటారు, దాన్ని మీరేమంటారు అని అడిగి రాసుకొచ్చారు. చెప్పిన ప్రతి మనిషికీ ఒక కార్డు. అందులో పేరు ఉండదు, అది వాళ్ల నియమం. నంబరు, ఊరు, ఆడో మగో, చేసే పని, ఇంచుమించు వయసు, ఆడవాళ్లకైతే పుట్టినూరు కూడా. ఇక ప్రతి మాటకూ విడిగా ఒక చీటీ. చీటీ మీద మాట, దాని అర్థం, ఆ మనిషి ఆ మాటతో చెప్పిన ఒక వాక్యం, మూలన మనిషి నంబరు. ఏ చీటీ ఎవరిదో తెలియాలంటే ఆ నంబరు పట్టుకుని కార్డు దగ్గరికి పోవలసిందే. వేరే దారి లేదు.

వీటన్నిటికీ రెండో ప్రతి తయారు చేసి ఇంకో ఊరి యూనివర్సిటీకి పంపాలి. అక్కడ వాటితో నిఘంటువు కూర్చుతారు. మొదటి రోజే ప్రొఫెసర్ గారు మమ్మల్ని కూర్చోబెట్టి, "అక్షరం తప్పితే దిద్దుకుంటాం. నంబరు తప్పితే మాత్రం నోరు ఒకరిది, మాట ఇంకొకరిది అవుతుంది. జాగ్రత్తమ్మా" అన్నారు.

మమ్మల్ని అన్నాను గదా, రెండో ఆమె నాకంటే పదేళ్లు పెద్ద. లాలాగూడ రైల్వే క్వార్టర్స్ నుంచి వచ్చేది. భర్త వర్క్‌షాపులో పని. పుట్టిల్లు భువనగిరి అవతల ఒక ఊరు, వ్యవసాయం. మెట్రిక్ దాకా చదివింది. నేను అక్కా అన్నాను, ఆమె చెల్లె అంది, అంతటితో పరిచయాలు అయిపోయాయి. నేను నోటి దురుసు మనిషిని, ఆమె నెమ్మది. నేను ఉల్లిపాయను ఎర్రగడ్డ అంటే పడీ పడీ నవ్వేది. "ఎర్రగడ్డ అంటె గాడ పిచ్చాసుపత్రి ఉన్న జాగ గద చెల్లె, గది కూరల ఏస్తరా?" అని ఏడిపించేది.

కొత్త కార్డుల కట్ట విప్పిన రోజు అక్క కొంగు ముడిలో కాస్త పసుపు కట్టుకొచ్చింది. అన్నిటికన్నా పైనున్న ఖాళీ కార్డు తీసి, నాలుగు మూలలా పసుపు అద్ది, నడుమ 'శ్రీ' అని రాసి, పెట్టెలో అన్నిటికంటే ముందు పెట్టింది. "పని మంచిగ సాగాలె" అంది. కొత్త బట్టకైనా, కొత్త పుస్తకానికైనా మా ఇంట్లోనూ అదే ఆచారం. పసుపు అంటకుండా ఏదైనా మొదలుపెడితేనే మాకు వింత. ప్రొఫెసర్ గారు కళ్లజోడు పైనుంచి చూసి ఊరుకున్నారు.

ముందు మనిషి కార్డులు దించాం. వాటి మీద నంబర్లు మేం వేయకూడదు. అందంగా ఉండాలని ఆఫీసులో నంబర్లు గుద్దే మిషనుతో వేయిస్తామన్నారు. మేం వరస చెడకుండా పేర్చుకుంటూ పోతే చాలు గనక పాత కార్డుల మూలనున్న అంకెల వైపు చూడనే లేదు. అట్లా దించుతుండగా ఒకరోజు అక్క చెయ్యి ఆగిపోయింది.

"చెల్లె, గీమె మా అమ్మ."

నేను వంగి చూశాను. అక్క వాళ్ల ఊరు. ఆడ. వ్యవసాయం. పుట్టినూరు దగ్గర ఎక్కడో మంజీర ఒడ్డున ఉన్న పల్లె.

"గా ఊరి నుంచి మా ఊరికి కోడలుగ వచ్చింది మా అమ్మ ఒక్కతే. ఇంకెవ్వలు లేరు" అంది అక్క. "పట్నం పిల్లలు వచ్చి నా ఊరు, నా పుట్టినూరు అన్ని రాసుకున్నరు బిడ్డా అని చెప్పింది నాతోని. ఎంత మురిసిందో. నేను గప్పుడు సరిగ్గ ఇనలే."

ఆ పిల్లలు వచ్చిపోయిన మరుసటి వానాకాలంలోనే వాళ్లమ్మ జ్వరంతో పోయింది. కబురు అందేసరికి ఆలస్యమై అక్కకు చివరి చూపు దక్కలేదు. ఫోటో లేదు. ఎప్పుడైనా భువనగిరి పోయి దిగుదామనుకున్నారట, ఏటికేడు ఏదో పని అడ్డం పడిందట. అక్క ఇవన్నీ మామూలు గొంతుతోనే చెప్పింది. చెప్పి, "ఇగ చీటీలు దించేటప్పుడు మా అమ్మవి నాకే ఇయ్యాలె, నువ్వు ముట్టొద్దు" అంది. ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను.

కార్డులు ఆఫీసుకు పోయి, నల్లటి అంకెలు గుద్దించుకుని తిరిగొచ్చాయి. అక్క వెతికి చూసుకుంది. ముప్పై మూడు. "యాదుంచుకో చెల్లె, మా అమ్మది ముప్పై మూడు." పాత కార్డుల పెట్టెను ప్రొఫెసర్ గారు తన బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ పని అయిపోయింది గనక దాన్ని మళ్లీ తెరిచే అవసరం మాకు లేకపోయింది.

చీటీల దగ్గరికి వచ్చాం. వాటి మీద నంబరు కూడా మేమే చేత్తో, పాత చీటీలో ఉన్నది ఉన్నట్టు దించాలి. ముప్పై మూడో నంబరు చీటీలు వచ్చిన రోజు అక్క తెచ్చుకున్న అన్నం కూడా తినలేదు. ఒక్కొక్కటి తీసి, చదివి, దించి, మళ్లీ చదివి పక్కన పెట్టింది. అందులో కొన్ని నాకు ఇప్పటికీ నోటికి వచ్చు, అన్నిసార్లు చదివి వినిపించింది మరి.

'సాన్పి: తెల్లవారి వాకిట్లో చల్లే పేడనీళ్లు. బిడ్డ లేస్తలేదు, సాన్పి నేనే సల్లుకుంటున్న.'

'సోయి: ధ్యాస. దీనికి సోయి ఉండది, బర్రెపాలన్ని పొంగిచ్చింది.'

'యాష్ట: విసుగు. దీనితోని యాష్టకొచ్చింది, ఎవని చేతుల పెట్టాల్నో.'

ఎవరో విద్యార్థి పొడి పొడిగా మాటకు అర్థం అడిగితే ఆవిడ ప్రతి మాటలోనూ కూతుర్ని తీసుకొచ్చి కూర్చోబెట్టి తిట్టింది. అక్క నవ్వింది, ఏడ్చింది, మళ్లీ నవ్వింది. "నన్నే అంటున్నది చెల్లె. పట్నం పిల్లల ముంగట ఇజ్జత్ తీసింది."

"నువ్వు పొద్దెక్కి లేసేదానివా అక్కా? పొద్దున్నే లాలాగూడలో పని ముగించుకుని నాకంటే ముందు వస్తావు గదా."

"చిన్నప్పుడు లేవకపోతుంటి గావచ్చు." దించుతున్న చీటీ వైపు మళ్లీ చూసి, "బర్రె మాత్రం మా ఇంట్ల లేకుండె. నా పెండ్లయినంక కొన్నరేమో" అంది.

ఇంకెవరైనా అయితే అక్కడ ఆగి ఉండేవాళ్లేమో. తల్లి మాట దొరికిన మనిషి ఎందుకు ఆగుతుంది? ఆమెకు తెలిసిన అమ్మ ఎట్లా ఉండేదో నాకు తెలియదు గాని, ఆ రోజు నుంచి మాత్రం ఆమె చెప్పే అమ్మ చీటీల్లోంచే వచ్చేది. గడుసుది, నోరున్నది, బర్రెనూ బిడ్డనూ ఒకే గొంతుతో అదిలించేది.

ఆ మరుసటి ఏడు ఊళ్లో గొడవలు మొదలయ్యాయి. ప్రత్యేక రాష్ట్రం కావాలని ఊరేగింపులు, లాఠీలు, కాల్పులు. క్యాంపస్ మూసేశారు. మాలాగా వేరే జిల్లాల నుంచి ఉద్యోగాలకు వచ్చిన వాళ్ల ఇళ్లల్లో పెద్దవాళ్లు తలుపులు దగ్గరికి వేసుకుని గుసగుసలాడేవాళ్లు. మూటాముల్లే సర్దుకుని అనంతపురం పోదామని అమ్మ, పోతే ఉద్యోగం పోతుందని నాన్న. నాకు చాలా కోపంగా ఉండేది, ఎవరి మీదో తెలియదు.

ఆ రోజుల్లోనే అక్క లాలాగూడ నుంచి నడుచుకుంటూ మా ఇంటికి వచ్చేది. కొంగులో కాల్చిన మక్కకంకులు. మా వీధి మలుపులో నిలబడ్డ కుర్రవాళ్లు ఎవరింటికని అడిగితే, "మా చెల్లె ఇంటికి" అని ఆగకుండా వచ్చేసిందట. ఆ తర్వాత మా గుమ్మం ముందు ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ మనిషి ఋణం ఏమిచ్చి తీర్చుకోను?

ఒకరోజు ఆమె వచ్చేసరికి నేనింకా పడుకునే ఉన్నాను. మా అమ్మ వంటింట్లోంచి దండకం అందుకుంది. "పొద్దు మూరెడు ఎక్కె, ఇంగా దుప్పటి వదల్దు! బోకులు తోమమంటే ఇనపడదు, తిండికి పిలిస్తే మాత్రం ఇనపడతాది! నీ అత్త నిన్నేమీ అనదు, నన్నే అంటాది!"

అక్క గడప మీద కూర్చుని ఆ తిట్లన్నీ పాట విన్నట్టు వింది. "మా అమ్మ గూడ గిట్లనే తిడ్తుండె చెల్లె" అంది. ఎంత గర్వంగా అందో! నాకు తిట్లు అంత గొప్ప ఆస్తి అని అప్పటిదాకా తెలియదు.

క్యాంపస్ మళ్లీ తెరిచాక మిగిలిన చీటీలు గబగబా ముగించాం. పంపే ముందు పాతదీ కొత్తదీ సరిచూడాలన్నారు ప్రొఫెసర్ గారు. బీరువా తాళం తీసి పాత కార్డుల పెట్టె బయట పెట్టారు. అక్క పాతది చదవాలి, నేను కొత్తది చూసుకోవాలి.

"ఒకటో నంబరు. మగ. కుమ్మరి" అని చదివింది అక్క.

నా చేతిలో ఒకటో నంబరు కార్డు ఉంది. దాని మీద కుమ్మరి లేడు. నాలుగు మూలలా పసుపు, నడుమ శ్రీ, పైన నల్లగా ఒకటి అంకె. ఆఫీసులో మిషను పట్టుకున్న మనిషికి ఏం తెలుసు పాపం, పై కార్డు నుంచి మొదలుపెట్టి వరసగా గుద్దుకుంటూ పోయాడు. కుమ్మరి రెండు అయ్యాడు, రెండోవాడు మూడు అయ్యాడు, అట్లా చివరిదాకా అందరూ ఒక్కొక్క అంకె ముందుకు జరిగారు. చీటీలు మాత్రం మేం చూసి దించినవి గనక పాత నంబర్లతోనే ఉన్నాయి.

నాకు నవ్వొచ్చింది. ప్రొఫెసర్ గారికీ వచ్చింది. "ఆదిలోనే హంసపాదు అంటే ఇదేనమ్మా. శ్రీకారానికి కూడా నంబరు తగిలించారు" అన్నారు. "కంగారు లేదు. చీటీల జోలికి పోవద్దు. కార్డుల మీద అంకె కొట్టేసి ఒకటి తక్కువ వేయండి, ఎవరి మాటలు వాళ్లకు చేరతాయి." దిద్దుబాటు సులువుగా తేలినందుకు ఆయన మొహం తేటగా ఉంది.

అక్క నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో నాకు వెంటనే తట్టలేదు. ఆమె పాత కార్డుల్లో వేళ్లు పెట్టి వెతుక్కుంటూ పోయి ఒకటి పైకి తీసింది. మంజీర ఒడ్డు పుట్టినూరు. మూలన చేతిరాతతో ముప్పై రెండు.

దాని వెనకాల కార్డు ముప్పై మూడు. అదే ఊరు, ఆడ, వ్యవసాయం, పుట్టినూరు మాత్రం వేరు.

"పక్కింటి పెద్దమ్మ" అంది అక్క. "ఆమెకే బర్రె ఉండె. ఆమె బిడ్డనే పొద్దెక్కినదాక లేవది. ఇప్పటికి గంతే."

లేచి చీటీల సొరుగు దగ్గరికి పోయింది. ముప్పై ఒకటో నంబరు చీటీలు అయిపోయాయి. వాటి వెనక ముప్పై మూడువి మొదలయ్యాయి. నడుమ ఏమీ లేదు. నేను పాత చీటీల సొరుగు లాగి చూశాను. అక్కడా అంతే. ఒక్క చీటీ అయినా జారి కింద పడిందేమోనని బల్ల కింద కూడా వెతికాను, సిగ్గు లేకుండా మోకాళ్ల మీద పాకి.

విషయం ప్రొఫెసర్ గారికి నేనే చెప్పాను, అక్కకు నోరు రాలేదు. ఆయన కళ్లజోడు తీసి చేత్తో పట్టుకున్నారు. "కొందరు అట్లా ఉండేవాళ్లమ్మా. ఊరూ వయసూ అడిగేదాకా నిలబడి, పనుందని వెళ్లిపోయేవాళ్లు. మాకు మాటలు దొరికేవి కావు. ఇచ్చిన నంబరు వెనక్కి తీసుకోవడం ఎందుకని అట్లాగే ఉంచేశాం."

అక్క తల ఊపింది. ఆయన బయటికి పోయాక నా పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది. "వరికోతల కాలం అది. ఎట్ల కూసుంటది? మా అమ్మకు కూసునుడే తెల్వది చెల్లె. నేను తల్లిగారింటికి పోయినా గంతే. తినుకుంట మాట్లాడు బిడ్డా, ఇంటున్న అని నిలవడి పని చేస్తనే ఉండేది." కాసేపటికి, "నన్ను ఎన్నడు తిట్టలే. ఒక్కనాడు తిట్టలే. నేనే ఆమె తిట్టింది, తిట్టింది అని అందరికి చెప్పుకున్న. మా ఆయనకు చెప్పిన, మీ అమ్మకు చెప్పిన" అంటూ మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆమె అట్లా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. వాళ్లమ్మ పోయింది అంతకు చాలా ముందే, కాని ఆ గదిలో మాత్రం అప్పుడే పోయినట్టుగా ఉంది. ఓదార్చడం నాకు చేతకాదు. ఏదో ఒకటి అనాలని, "పెద్దమ్మ ఉందా అక్కా ఇప్పుడు?" అన్నాను.

"ఉన్నది. గట్టిగనే ఉన్నది." కళ్లు తుడుచుకుంది. "బతికున్నామెకు ఇన్ని మాటలున్నయి. పోయినామెకు ఒక్కటి లేదు."

తర్వాత వారమంతా కార్డుల మీద అంకెలు కొట్టేసి, ఒకటి తక్కువ వేస్తూ కూర్చున్నాం. అక్క ఎక్కడా ఆగలేదు. వాళ్లమ్మ కార్డు వచ్చినప్పుడు కూడా ముప్పై మూడు కొట్టేసి, పైన గుండ్రంగా ముప్పై రెండు వేసి, పక్కన పెట్టింది. నాకే మనసు ఊరుకోలేదు.

"అక్కా, ఒక్క మాట. మీ అమ్మ అనే మాట నీకు ఏదైనా గుర్తుంటే చెప్పు, నేను చీటీ రాస్తా. సారును నేను ఒప్పిస్తా. ఒక్కటే."

ఆమె కార్డుల కట్ట పక్కకు జరిపింది. లోపల వెతుక్కుంటోందని తెలుస్తూనే ఉంది.

"ఏదని చెప్పాలె చెల్లె? నా నోట్లె ఉన్నయన్ని ఆమె దగ్గర నేర్చుకున్నయే. అన్నం ఆమెదే, నీళ్లు ఆమెదే. గిది ఒక్కటి ఆమెది అని ఎట్ల తీసి ఇయ్యాలె?"

కలం మూత పెట్టేశాను.

పెట్టె కట్టే రోజు ప్రొఫెసర్ గారు సొరుగులన్నీ చివరిసారి చూసుకున్నారు. చీటీల మీద వేళ్లు ఆడిస్తూ పోయి, ఒకచోట ఆగి, ఒక మందపాటి కార్డు పైకి లాగారు. నాలుగు మూలలా పసుపు. నడుమ శ్రీ. మిషను గుద్దిన ఒకటి అంకెను కొట్టేసి, పక్కన సిరాతో ముప్పై రెండు వేసి ఉంది. ముప్పై ఒకటికీ ముప్పై మూడుకూ నడుమ దాన్ని అక్క ఎప్పుడు పెట్టిందో నాకు కూడా చెప్పలేదు.

"ఇది ఇక్కడెందుకమ్మా?" అన్నారాయన.

అక్క లేచి నిలబడింది. "గది మా అమ్మ జాగ సార్. ఖాళీగ ఉన్నదని పెట్టిన. దాని మీద తప్పు మాటేం లేదు. ఉండనియ్యుండ్రి."

ఆయన ఆ కార్డును కాసేపు అటూ ఇటూ తిప్పి చూశారు. నియమం ప్రకారం అది అక్కడ ఉండకూడదు. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు. తీసిన చోటే పెట్టి సొరుగు మూశారు.

మేం చెక్కపెట్టెకు మేకులు కొట్టేదాకా ఆ కార్డు అక్కడే ఉంది. పెట్టె రైలెక్కి వెళ్లిపోయింది. అవతలి ఊళ్లో ఎవరైనా దాన్ని చూసి, ఇదేదో పొరపాటున వచ్చిందనుకుని తీసి పారేశారేమో నాకు తెలియదు.